ఎనుమాముల తెరచాప

మొదటిసారి చాప విప్పిననాడు
గాలికన్న ముందు మాకు తుమ్ములొచ్చినయ్.
ఇరవై రెండేండ్లు ఎనుమాముల మార్కెట్ల
మిర్చి బస్తాల మీద కప్పిన టార్పాలిన్లు అవి.
దబ్బనం పట్టి నేనే కుట్టిన,
నాలుగు ముక్కలు, నడిమిట్ల ఒకటి నీలంది.
ఎన్ని నీళ్లల్ల పిండినా తేజా రకం ఘాటు పోలే.
ఓదేలు ముక్కు తుడుసుకుంట అన్నడు:
"గాలికి గూడ కారం తాకింది,
సూడు, ఎట్ల ఉరుకుతున్నదో."

పడవ మాది కాకముందు పోశానిది.
కాళేశ్వరం కాడ మనుషులను సిరొంచకు దాటిచ్చేది.
వంతెన పడ్డది. గిరాకి పోయింది.
నాలుగేండ్లు ఇసుకల బోర్ల పండుకున్నది,
దాని నీడకు కుక్కలు పిల్లలు పెట్టినయ్.
హమాలీ సంఘం చేతిల పెట్టిన పైసలన్ని పోసి
ఓదేలు దాన్ని కొన్నడంటే
శివనగర్ల మా వాడకట్టంత నవ్వింది.
నేను నవ్వలే. కిరాయి అర్ర ఖాళీ చేసి
గిన్నెలు గోనెసంచిల కట్టిన.
నవ్వు తర్వాత వచ్చింది,
నీళ్ల మీద, నాలుగో నాడు, ఊకెనే.

పడవల బతుకుడంటే
ఏ వస్తువుకైనా ఒక్కటే జాగ.
అగ్గిపెట్టె పప్పు డబ్బల,
పప్పు డబ్బ చెక్క కింద,
చెక్క మీద మేము.
కొట్లాటైతే అలిగి పోను ఇంకో అర్ర లేదు.
ఆయన ముందటి కొసకు, నేను ఎనుక కొసకు,
నడుమ పొయ్యి.
పళ్లెం అందియ్యాలంటే మాట్లాడక తప్పదు.

పడమటి గాలికి కిందికి, తూర్పు గాలికి మీదికి.
గాలి లేనినాడు ఉన్నకాడ్నే ఊరు.
ఒక రేవుల ఉప్పు చౌక, ఇంకో రేవుల మాటలు చౌక.
మంథని నుంచి వచ్చిన పంతులొకాయన
మా చాప నీడల సంధ్య వార్చుకుంట తుమ్మిండు,
ఆచమనం మల్ల మొదట్నుంచి వెట్టిండు.
సిరొంచ ఒడ్డున కూరగాయల ముసలామె
బేరం తెలుగుల మొదలుపెట్టి మరాఠీల ముగిస్తది.
తాడు ఒక్కటే,
గూటం కొట్టిన ఒడ్డును బట్టి రాష్ట్రం మారుతది.
ప్రాణహిత గోదారి కలిసేకాడ నీళ్లది రెండు రంగులు.
బియ్యం ఏ రంగుల కడగాలో నాకెరుక.

రేషన్ కార్డుకు పోతె మహాదేవపూర్ ఆఫీసుల పిలగాడు
"ఇంటి నంబరు?" అన్నడు.
ఓదేలు శానసేపు ఆలోచన చేసి
"నిన్న కాళేశ్వరం, ఇయ్యాల సిరొంచ,
రేపటిది గాలి చెప్పాలె" అన్నడు.
పిలగాడు పెన్నుకు మూత పెట్టిండు.

మొన్న ఆడిబిడ్డ కొడుకు లగ్గానికి వరంగల్ పోయినం.
సిమెంటు గచ్చు మీద పండుకుంటే
అది కదుల్తనే లేదు.
ఒక్క పక్కన ఎంతసేపని ఉండాలె?
నడిరాత్రి లేచి, తాడు గట్టిగున్నదా అని
గోడకు చెయ్యి పెట్టి తడిమిన.
చీకట్ల ఇంకో చెయ్యి తగిలింది.
ఓదేలు గూడ అదే గోడ తడుముతున్నడు.

మేడిగడ్డ కాడికి వస్తే మా దారి ఒడిసిపోతది.
గేట్ల కాడ కావలుండే యాకూబ్ దూరంకెల్లే చెయ్యూపుతడు.
"ఈ నీళ్లు యాడికి పోతయ్ భాయ్?"
"సముద్రానికి," అంటడు. ఆయన గూడ చూడలే.
చాప దించుతుంటే కుట్ల సందుల్నుంచి
మిరప గింజలు రాలుతయ్, ఇంకా, ఇన్నేండ్లకు గూడ.
కొన్ని నీళ్లల్ల పడి గేటు కింద దూరి పోతయ్,
మాకు దొరకని దారిన.
కొన్ని పడవలనే పడ్డయ్.
పలిగిన బకెట్ల ఒండ్రు పోసి చల్లిన,
ఒక్కటి బతికింది.
పడవ మొకం తిప్పినప్పుడల్ల
ఆ మొక్క తూర్పును మల్ల కొత్తగ ఎతుక్కుంటది.
ఇయ్యాల మూడు పూలు పూసింది.

ఓదేలూ, గాలి మర్లింది.
తాడిప్పు.