‘దించగా’ అని చదువుకోగలరు

పదకొండింటి నుంచీ రాయపేట ఆఫీసు మెట్ల మీదే ఉందట.
వాచ్‌మన్ టీ ఇప్పించాడు, లోపలికి మాత్రం పంపలేదు.
నేను నైట్ డ్యూటీకి వచ్చేసరికి ఆరు.
పేరు రవణమ్మ. ఉండేది పులియంతోపు,
పుట్టింది గూడూరు పక్కన ఎక్కడో.

చేతిలో నిన్నటి పేపరు, ఎనిమిది మడతలు.
చదువు రాదు. ఇస్త్రీ బండి కుర్రాడు చదివి పెట్టాడట:
“తాగిన మత్తులో డ్రైనేజీలో పడి కార్మికుడి మృతి.”

ఆ హెడ్డింగు నాదే.
పోలీసు నోటు తమిళంలో వచ్చింది, దామోదరం ఫోన్లో చెప్పాడు,
మొదటి పేజీ అడుగున రెండు కాలాల్లో పట్టేలా
నేను కుదించాను.
పట్టింది.

“ఆయన పళ్ళేదు సామీ. దించినారు.
నడుముకి తాడు కట్టి దించినారు, నేను చూస్తా ఉండా.
కాంట్రాక్టరు మనిషి పైన నిలబడి ఫోన్లో మాట్లాడతా ఉండె.
తాగేవోడే, లేదనను. ఆదివారం తాగుతాడు.
అది బుధవారం.”

ఇరవై రెండేళ్లుగా ఇతరుల క్రియలు దిద్దే ఉద్యోగం నాది.
పడటానికి ఇంకెవరూ అక్కర్లేదు.
దించాలంటే ఒకడుండాలి, వాడికో పేరుండాలి.
ఇంత చిన్న వ్యాకరణం
ఆ రాత్రి తట్టలేదు నాకు.
పేజీ వదలాల్సిన టైం ఒక్కటే తట్టింది.

కాంట్రాక్టరు ఫోన్ ఎత్తలేదు.
స్టేషన్ రైటరు, “నోటులో ఉన్నదే సార్” అన్నాడు.
నువ్వు వెళ్లావా అని దామోదరాన్ని అడిగాను.
“వానండీ” అన్నాడు.

మర్నాడు బస్సెక్కి నేనే వెళ్లాను.
మూత చుట్టూ కొత్త సిమెంటు, దాని మీద కుక్క అడుగులు.
ముగ్గురు తాడు చూశామన్నారు.
ఒకడు చూడలేదన్నాడు.
నలుగురి మాటా రాసుకున్నాను.

ఎడిటరు ముగ్గురిని ఉంచాడు, నాలుగోవాణ్ణి కొట్టేశాడు, చోటు లేదని.
ఏడో పేజీలో, బంగారం ధర కింద:
“పెంచలయ్య మృతి వార్తలో ‘మత్తులో పడి’ అన్నది పోలీసుల కథనం.
భార్య, మరి ముగ్గురు సాక్షుల కథనం ప్రకారం
‘దించగా’ అని చదువుకోగలరు.
చింతిస్తున్నాం.”

ఇస్త్రీ కుర్రాడి ఫోన్ నుంచి చేసింది.
“ముందు ఏసింది ఎంతమందికి పోయింది సామీ?”
పదకొండు వేలు.
“ఇదీ?”
ఇదీ అంతే.
“ఆడ చదివినోళ్లు ఈడదాకా వస్తారా?”

లైన్లో ఇస్త్రీ పెట్టె బొగ్గులు చిటపటమంటున్నాయి.
నాకు జవాబు రాలేదు.
ఆమే పెట్టేసింది.

తొమ్మిదిన్నరకి ఇంకో నోటు వచ్చింది,
మాధవరంలో ఎవరో ‘జారి’ చనిపోయారట.
దామోదరానికి ఫోన్ కొట్టాను.
అక్కడ వాన తగ్గిందా?