గుమ్మిమెట్టకి ఎన్ని దార్లు

కాశీనగర్‌లో ఎవర్నడిగినా
అదీ ఒక కొండేనా అంటారు.
గంటలో ఎక్కి, అరగంటలో దిగి
ఇంటికొచ్చి చద్దన్నం తినొచ్చంటారు.
నిజమే.
నాకు మాత్రం ఎక్కడానికే రెండు గంటల పది నిమిషాలు.

అందుకే పందెం రోజు నా పని పైన.
అందరికన్నా ముందు, నాలుగింటికే బయల్దేరి
అందరికన్నా నెమ్మదిగా ఎక్కుతాను.
సంచిలో ఎర్ర దారం ఉండ, కత్తెర,
పేర్ల చిట్టా, ఆకులో చుట్టిన రెండిడ్లీలు.
పైకొచ్చినోళ్ల మణికట్టుకి దారం కట్టాలి.
దారం లేకుండా దిగినోడు
ఎంత ముందొచ్చినా రానట్టే.

మొదటిది మెట్ల దారి.
నూట నలభై మెట్లు కట్టాక డబ్బులైపోయాయి,
ఆ పైన ఎర్రమట్టీ, ఎవరి ఓపిక వాళ్లదీ.
కొత్త జంటలు, మోకాళ్ల నొప్పులోళ్లు, నేను.

రెండోది జీడితోటల్లోంచి, పరుగు దారి.
చెట్లకి సున్నం గీతలు నేనే పూస్తాను.
తోట దాటేదాకా బుజ్జగిస్తుంది,
తర్వాత నల్లబండ.
పొద్దుటి మంచుకి సబ్బుబిళ్ల.
దువ్వారి గన్నెయ్య అక్కడే రెండు పళ్లు వదిలేసి
నలభై ఒక్క నిమిషాల్లో ఎక్కి దిగాడు.
పదకొండేళ్లు ఆ లెక్కని కాపాడుకున్నాడు,
నోరు పూర్తిగా తెరిచి నవ్వకుండా.

మూడోది ఉందని నాకు తెలీదు.

పైన సరిహద్దు రాయి.
ఇటు ఒడియా అంకె, అటు తెలుగు అంకె.
రెండడుగులు జరిగితే చాలు
ఫోను ఇంకో రాష్ట్రంలోకి స్వాగతం చెబుతుంది.
కింద ఎవరో ఏక్, దుయి, తిని అని అరిచారు,
ఈల వినపడింది.
చాలా టైముందిలే అని
ఇడ్లీ విప్పాను.

రెండోది సగంలో ఉండగా
వెనక గెడ్డ వైపు పొదలు కదిలాయి.
అడవిపంది అనుకుని లేచాను.
చెప్పుల్లేని కాళ్లతో ఒక గుంట.
స్కూలు గౌనుకి పిన్నీసుతో ఇరవయ్యేడో నంబరు.
మెలితా రయితో, శవరపేట.

‘ఇటెలా వచ్చేవే?’
‘ఇదే కదా దారి.’

చిట్టా వెనక నియమాలు చదివాను.
పైకి రావాలి. దారం కట్టించుకోవాలి. కిందికెళ్లాలి.
ఎటునుంచని ఎవరూ రాయలేదు.
కంగారులో కత్తెర దొరక్క
దారం పళ్లతో కొరికి కట్టాను.
‘కష్టంగా లేదూ?’
‘నెత్తి మీదేం లేదు కదా’ అంది.
ఆ మాట నాదాకా వచ్చేసరికే
పొదలు మూసుకున్నాయి.

ముప్పై నాలుగు నిమిషాలంట.
గన్నెయ్య గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని
ఆడించి చూశాడంట.

ఆఖరి కుర్రాడికి దారం కట్టి పంపేశాక
ఆ గెడ్డమ్మటే దిగాను.
నిలువునా రాళ్లు, ఎండిన నీటి చార,
అక్కడక్కడా రాలిన కొండచీపురు పుల్లలు.
అయిదొందల అడుగులకొకటి చొప్పున
నిలబెట్టిన రెండు రాళ్ల మీద ఒక పలక రాయి,
నా గడ్డమంత ఎత్తు.
మోపు వంగకుండా దించుకోడానికి,
వంగకుండా మళ్లీ ఎత్తుకోడానికి.
పలక మధ్యలో నున్నగా, చల్లగా
సంత రోజులు ఎన్నున్నాయో.
తొమ్మిది లెక్కపెట్టాను.

ఈ ఏడు సున్నం బకెట్టు పట్టుకుని
శవరపేట వెళ్లాను,
మూడో దారికీ గీతలు పెడదామని.
మెలిత వాళ్లమ్మ చీపుళ్లు కడుతూ
తలెత్తకుండానే వద్దంది.
‘గీతలు పెడితే అందరూ వస్తారు.
మా రాళ్లకి చేరబడి ఫొటోలు తీసుకుంటారు.’

అవునవునన్నాను.
తొమ్మిదింటికీ చేరబడే
నేను కిందికి దిగానని
చెప్పలేదు.