పూడిక

ఏప్రిల్ నెల. యానాంలో, గోదారి గట్టుకి రెండు సందుల లోపల
జోగమ్మగారి నుయ్యి ఎండింది.
పూడిక తీయడానికి మా మావయ్య
సంగాడి బుల్లెబ్బాయి దిగాడు.
పైన గిలక దగ్గర నేను.
తాడు లాగడం, తట్ట వొంపడం, అంతే నా ఉద్యోగం.

మొదటి తట్టలో షాంపూ పొట్లాలు,
ఎవరి కోపమో తెలీదు, ఒక సెల్‌ఫోను.
నాలుగో తట్టలో పెంకుముక్క,
దానిమీద అచ్చుగుద్దిన కోడిపుంజు.
"దొరల పెంకు," అంది జోగమ్మ, కుర్చీలోంచి లేవకుండానే.
"మార్సేయి నుంచి ఓడ అడుగున బరువుకి వేసుకొచ్చేవారంట.
పెంకులు దింపి పంచెలు ఎక్కించుకుపోయారు."

ఆవిడ పుట్టుక ఫ్రెంచి దస్త్రంలో ఉంది.
జోగమ్మ అని పలకలేని నోరేదో
తనకి వచ్చినట్టు రాసుకుంది.
ఎనభయ్యేళ్ళు దాటాక కూడా
ఆ కాగితంలో పిల్ల ఎవరో
ఆవిడకి సరిగ్గా పరిచయం లేదు.

తరవాత ఒక గాజు.
నా రెండు వేళ్ళు పట్టేంత.
ఇంగ్లీషు వాళ్ళ ఊళ్ళలో పసిపిల్లకి పెళ్ళి చేస్తే నేరమని చట్టమొచ్చిన రోజుల్లో
బళ్ళు కట్టుకుని ఇటొచ్చేవారట,
నిద్రపోతున్న పెళ్ళికూతుళ్ళని భుజాన వేసుకుని.
ఈ నూతి నీళ్ళతోనే కాళ్ళు కడిగారేమో.
జోగమ్మ ఆ గాజు నా చేతిలోంచి తీసుకుంది.
మళ్ళీ ఇవ్వలేదు.

నీలిమందు వాసన పోని నల్లమట్టి.
దానికింద గవ్వలు, ఆల్చిప్పలు, తెల్లటి ఇసక, మూరెడు మందాన:
కోరంగి ఓడల్ని పొలాల్లో పడుకోబెట్టిన ఉప్పెన
ఇక్కడ కూడా ఒక పూట ఆగి వెళ్ళినట్టుంది.

ఆ ఇసకలో దొరికింది కాసు.
గోళీసోడా గోళీని అంటిపెట్టుకుని.
గోదారికి వరస తెలీదు మరి,
తాతనీ మనవణ్ణీ ఒకే పక్కమీద పడుకోబెడుతుంది.

గబ్రియేలు మాస్టారు భూతద్దం తెచ్చారు.
"రోము రాజురా! ముక్కు అరిగింది గాని దర్పం అరగలేదు."
అక్కణ్ణుంచి పాఠం మొదలెట్టారు:
ఆదుర్రు దిబ్బ మీద భిక్షువులు తిరిగే నాడు వీళ్ళు,
ఆ తరవాత డచ్చివాళ్ళు, ఆ తరవాత ఫ్రెంచివాళ్ళు,
మధ్యలో ఇంగ్లీషోడు ఊరిని లాక్కోవడం, మళ్ళీ ఇచ్చేయడం,
పొరుగింటి జల్లెడలాగ.

నూతిలోంచి మావయ్య కేక:
"నీళ్ళు పడలేదింకా! రాజుల సంగతి తరవాత చూద్దురుగాని, తట్ట దింపండి!"

జోగమ్మ కాసుని కంటికి ఆనించింది.
"చిల్లు చూడవయ్యా మాస్టారూ.
సంతలో చెల్లుంటే చిల్లెందుకు పొడుస్తారు?
ఎవత్తో మెళ్ళో వేసుకుంది.
వాడి ముక్కు అరిగింది బేరాల్లో కాదు.
ఊడ్పుల్లో వంగినప్పుడల్లా
దాని గుండెకి ఒరుసుకుని."
మాస్టారు ఏదో అనబోయి
భూతద్దం తుడుచుకున్నారు.

పొద్దు వాలాక ఊట కొట్టింది.
మావయ్య దోసిలితో తాగి, కాసేపు మాట్లాడలేదు.
"ఉప్పు తగుల్తోందమ్మా."
"మా అమ్మ నాడు కొబ్బరినీళ్ళే అవి," అంది జోగమ్మ.
ఏటిమొగ వైపు చూశాను.
ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళంతా ఆ దారినే వచ్చారు,
ఓడల్లో, తెరచాపలెత్తుకుని, ముందు కనపడి.
ఇది అడుగునించి వస్తోంది.

కూలి పన్నెండొందలు.
జోగమ్మ కొత్త నోట్లిచ్చింది.
మావయ్య తడిచేతుల్తో ఒక్కొక్కటీ వెలుగుకి పట్టి చూశాడు,
చెల్లుతుందో లేదో అని కాదు, అలవాటు.