వేణ్నీళ్లు వచ్చేదాకా

స్టాప్‌వాచీ పాతదే. వెనకంతా గీతలు.
పాతికేళ్లు స్కీ పందేల్లో
గమ్యం గీత పక్కన మంచులో నిలబడి నొక్కాను దీన్ని.
కళ్లు మూసుకున్నా చెప్పేదాన్ని
ఏ రొప్పు ఎవరిదో.
ఇప్పుడు తార్తులో, నాలుగో అంతస్తులో
దుప్పటి కింద నొక్కుతున్నాను.
పందెంలో ఒక్కడే. హెల్డుర్. మా ఆయన.

సన్నగా మొదలవుతుంది ఊపిరి,
పిల్లి చాప మీద నడిచినట్టు.
తర్వాత కాస్త లోతు. ఇంకాస్త.
ఆపైన ఎత్తెక్కేవాడి రొప్పు.
కొస దాకా వెళ్లి, అక్కణ్ణుంచి దిగుడు,
తగ్గి, తగ్గి, తగ్గి

లేదు.

వీధిలో మంచు తోసే బండి వెళ్లిపోతుంది.
పద్దెనిమిది.
వంటింట్లో ఫ్రిజ్ ఓసారి జలదరించి ఊరుకుంటుంది.
ఇరవై నాలుగు.
నేనూ ఊపిరి బిగబట్టానని
ఇరవై తొమ్మిది దగ్గర తెలుస్తుంది.
ముప్పై ఒకటి.
ఎక్కడో అడుగున తలుపు గడియ తీసినట్టు
చిన్న గుటక.
మళ్లీ పిల్లి. మళ్లీ చాప.

ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు పడుకుంటాడు.
నీరు నిజంగానే ఎత్తింది, చీలమండల్లో.
మేజోళ్లు విప్పితే నేనల్లిన అల్లిక
కుట్టు కుట్టూ చర్మం మీద అచ్చు పడి ఉంటుంది.
ఒక చోట తప్పిన కుట్టు కూడా.

డాక్టర్ త్రీను నా స్టాప్‌వాచీ కన్నా చిన్నది.
నోటుబుక్కు చివరి పేజీ దాకా తిప్పి చూసింది.
"గొంతు మూసుకుపోవడం కాదమ్మా ఇది.
దారి తెరిచే ఉంది. నడవమని చెప్పేవాళ్లే
కాసేపు చెప్పడం మానేస్తున్నారు.
గుండె నీరసించింది, రక్తం మెల్లగా వెళుతోంది,
తలకి కబురు ఆలస్యంగా అందుతోంది."

నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.
హెల్డుర్‌కి ఎక్కింది.
ముప్పై ఎనిమిదేళ్లు ఊరి బాయిలర్ హౌసులో
వాల్వులు తిప్పిన చేతిని గాల్లో తిప్పుతూ
"ఐదో అంతస్తు ముసలావిడ" అన్నాడు,
"కుళాయి తిప్పుతుంది. చన్నీళ్లు.
ఇంకా తిప్పుతుంది. ఇంకా.
వేడి దారిలోనే ఉంది, గొట్టం పొడుగు కదా.
వచ్చేసరికి ఒళ్లు కాలి కెవ్వుమని కట్టేస్తుంది.
మళ్లీ చన్నీళ్లు.
తప్పు ఆవిడదీ కాదు, కుళాయిదీ కాదు."
డాక్టర్ పెన్ను పక్కన పెట్టేసి, అంతే, అంది.

జబ్బు అర్థమైనందుకు
అంత పొంగిపోయిన రోగిని నేనెక్కడా చూడలేదు.
బస్సులో పక్కవాడికి కూడా చెప్పాడు.

మాస్కు యంత్రం అడిగాను,
పక్కింటి వాల్డెక్‌కి ఉంది, ఏనుగు తొండంలాంటిది.
అది అన్ని గుండెలకీ పడదట.
ముందు నీళ్లు దించుదాం, మందులు సరిచేద్దాం,
మిగతాది తర్వాత.
ఉప్పు తగ్గించమంది.
ఆ రాత్రి చప్పటి చేప తింటూ
హెల్డుర్ నన్ను చూసిన చూపు
ఏ కోర్టులోనైనా చెల్లుతుంది.

ఫిబ్రవరి. బయట మైనస్ ఇరవై.
మెలకువ వచ్చేసరికి మూడు దిండ్లూ ఖాళీ.
మంచం అంచున కూర్చున్నాడు, కాళ్లు నేల మీద,
కిటికీ బెత్తెడు తెరిచి.
"పడుకుంటే మునిగిపోతున్నట్టుంది" అన్నాడు.
దూరంగా తల్లి నది గట్టిగా గడ్డకట్టి ఉంది,
మునగడానికి నీళ్లే లేవు.
వీపుకి చేయి ఆనించాను.
కుదుటపడ్డాక, పడుకో, అన్నాడు.
పొద్దున్నే డాక్టరుకి ఫోన్ చేయాలి అనుకుంటూ
ఎప్పుడు కునుకు పట్టిందో.

పొద్దున నోటుబుక్కులో ఆయన రాత, కీచుపిట్ట గీతలు:

"2.40. లెయిదా.
పన్నెండు నిమిషాలు చూశాను.
ఒక్కసారీ ఆగలేదు. కాస్త గురక."

ఫోన్ చేశాను. పదింటికి రమ్మన్నారు.
ఈలోగా గిన్నెలు కడగబోతే
కుళాయిలో మంచులా వస్తున్నాయి నీళ్లు.
ఇంకా తిప్పబోయి
తిప్పలేదు.
ధార కింద వేళ్లు పెట్టి నిలబడ్డాను.
లోపల గదిలో ఆయన దగ్గుతున్నాడు.
గొట్టం పొడుగు.