నలుపు తెలిసిన తెర

చీటీ పాడి తెచ్చిన నలభై ఎనిమిది వేలు
చొక్కా లోపలి జేబులో.
తాళాల గుత్తికి ఒక పెన్‌డ్రైవ్.
చీమకుర్తి నుంచి ఒంగోలు దాకా
బస్సులో నిలబడే వచ్చాను,
కూర్చుంటే డబ్బు నలుగుతుందేమోనని.

కర్నూలు రోడ్డులో ఖాజావలి కొట్టు.
అద్దాల పెట్టెల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి,
ఎరుపు, నీలం, ఊదా,
తిరనాళ్ళకి ప్రభ కట్టినట్టు.
"ఇది చూడన్నా, గేములకి గుర్రం."
గేములు ఆడను తమ్ముడూ,
ఆదివారాలు ఫొటోలు దిద్దుకుంటాను.
"ఓహో, పెళ్ళిళ్ళా?"
కాదు.
"యూట్యూబా?"
కాదు. ఊరికే.
ఊరికే అనే మాటకి
అతని ధరల పట్టీలో వరస లేదు.

ర్యామ్ పదహారన్నాడు, ముప్పై రెండైతే మేలన్నాడు,
ఎస్సెస్డీ, గ్రాఫిక్స్ కార్డు, ఎన్ని కోర్లో.
తలూపుతూనే ఉన్నాను,
రాయి తెలియని సేటు మా క్వారీకొచ్చి ఊపినట్టు.

పద్నాలుగేళ్ళుగా నా పని
బ్లాకుల మీద సుద్దతో గీత గియ్యడం.
నీళ్ళు కొట్టి, తడి ఆరేలోపు చూడాలి:
చుక్క ఎక్కడ ఒత్తు, ఎక్కడ పలచన,
ఏ మూల తెల్లజీర దాక్కుంది.
మీరు నలుపంటారు. మేం అట్టా అనం.
తడి నలుపు వేరు, పాలిష్ నలుపు వేరు,
పొద్దున ఆరింటికి గుంట అడుగున కనపడే నలుపు వేరు,
లోపల రాగిపొడి చల్లినట్టుండే నలుపు
దేనికీ కలవదు.
పేర్లు చాలవు గనక
వేలితో చూపిస్తాం.

పెన్‌డ్రైవులో ఉన్నది ఒకటే ఫొటో.
క్వారీ గట్టున టీ కాచే చెంచమ్మ,
ఒక చెంప మీద పొయ్యి వెలుగు.
పోయినేడు ల్యాబ్‌లో ప్రింటేయించి ఇచ్చాను.
వాడు అడక్కుండానే ఆమెను గోధుమరంగు చేశాడు,
మచ్చ తుడిచి, బుగ్గలు ఇస్త్రీ చేశాడు.
చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి
"ఎవురబ్బాయా ఈమె?
నా ముక్కుపుడక ఈమెకెవురిచ్చారు?" అంది.
నవ్వింది. ఫొటో మాత్రం తీసుకోలా.

"ముందు దీన్ని తెరువు" అన్నాను.
మొదటి మానిటర్‌లో చెంచమ్మ బూడిద.
రెండోదాంట్లో నీలం, పాము కరిచినట్టు.
మూడోది ఎదురుగా చూస్తే ఒక మనిషి,
పక్కనుంచి చూస్తే ఇంకో మనిషి.
ఖాజావలి విసుక్కోలేదు.
అటకెక్కి దుమ్ము పట్టిన డబ్బా దించాడు.
"చీరాల ప్రెస్సాయన ఆర్డరిచ్చి తీసుకోలా,
రంగుల పనికే ఇది. ఇరవై ఆరు. రూపాయి తగ్గదు."
తీగ తగిలించాడు.

ఇద్దరం మాట్లాడలేదు.
కొంగు మడతలో నీడ, ఆ నీడలో ఇంకో నీడ,
చెంప కింద రాగి.
ఖాజావలి తన ముంజేతిని
తెర పక్కన పెట్టి చూసుకున్నాడు.
నేనూ పెట్టాను.

మిగిలింది ఇరవై రెండు.
ప్రభ పెట్టె వద్దు. గ్రాఫిక్స్ కార్డు వచ్చే చీటీకి.
ఎవరో ఆఫీసు మూసి అమ్మేసిన పాత సీపీయూ,
అందులోకి కొత్త ఎస్సెస్డీ, ర్యామ్ పదహారు,
కరెంటు మన మాట వినదు గనక యూపీఎస్.
పెద్ద ఫొటో తెరుచుకోడానికి నలభై సెకన్లు.
పర్లేదు,
రాయి ముందు అంతకన్నా ఎక్కువే నిలబడ్డాను.

ఆదివారం చెంచమ్మ వచ్చింది,
పాల క్యాను గుమ్మంలో పెట్టి.
కుర్చీ వెయ్యబోతే వద్దంది.
తెరకి జానెడు దూరంలో మొహం పెట్టి చూసింది,
తనని చూసుకుంటోంది అనుకున్నా.
"అబ్బాయా," అంది, మూలకి వేలు చూపించి,
"ఆ గ్లాసు కడగలా ఆరోజు.
అది తీసెయ్యగలవా?"

తీసెయ్యగలను. రెండు నొక్కుల పని.
మౌస్ మీద చెయ్యి పెట్టి
కూర్చున్నాను.