బోర్డు మీద పేరు

సెక్షన్ ముప్పై రెండు చెప్తున్నాను.
మధ్యాహ్నం రెండు. దర్గామిట్టలో మా కాలేజీ.
రేకుల కప్పు కింద బీకాం రెండో సంవత్సరం,
సగం తలలు బెంచీలకు ఆనుకుని.

"ఎ, బి ఇద్దరూ భాగస్తులు. బి తప్పుకున్నాడు.
తప్పుకున్న సంగతి లోకానికి చెప్పలేదు"
అని మొదలుపెడుతుంది పుస్తకం.
బి ఏం అమ్మేవాడో, వాడి చొక్కాది ఏ వాసనో
పుస్తకానికి అక్కర్లేదు.

నిమ్మకాయ వాసన.
ఊరు పొదలకూరు. పేరు పెంచలయ్య.
నేను ఆయన కూతుర్నని మాత్రం
క్లాసులో చెప్పను.

నాయన, చెంచురామయ్య కలిసి పెట్టిన మండీ.
ఒకరు పాట పాడితే ఒకరు చీటీ రాసేవాళ్లు.
నాయన టీకి పోయినప్పుడు చెంచురామయ్య ఒప్పుకున్న ధర
నాయన ఒప్పుకున్నట్టే.
చెంచురామయ్య నిద్రలో ఉన్నా
నాయన చేసిన అప్పు ఆయన దిండు కిందికి చేరేది.
దీన్నే పరస్పర ఏజెన్సీ అంటారు, రాసుకోండి.
మా జేజి ఇంకో రకంగా అనేది:
"కలిసి కూడు తినేవోళ్లు కాదు మే,
ఒకరి నోటితో ఒకరు మాట్లాడేవోళ్లు."

మాఘంలో మాటామాటా వచ్చింది.
లెక్క తేలింది. నాయన వాటాకి
ఒక కాటా, రెండు టార్పాలిన్లు, కొంత నగదు.
బోర్డు మాత్రం అట్టాగే ఉండిపోయింది.
పెయింటరు మూడొందలు అడిగాడంట.
"ఎండాకాలం సీజను పోనీ పెంచలా" అన్నాడు చెంచురామయ్య.
సరేలే అన్నాడు నాయన.
ఆ సరేలే ఖరీదెంతో అప్పటికి ఎవరూ కట్టలేదు.

వైశాఖం. కాయ బంగారమైన రోజులు.
ప్రభగిరిపట్నం మస్తానమ్మ
అరవై బస్తాలు తెచ్చింది. చదువు రాదు.
మనవడి చేత బోర్డు చదివించుకుని
రెండో పేరు వినంగానే
"ఊ, దించండి" అందంట.

ఢిల్లీ పోయిన లారీ డబ్బు ఢిల్లీలోనే ఆగింది.
చెంచురామయ్య ఫోను ఎక్కడ ఆగిందో తెలియదు.
ఆమె మా వాకిట్లో నిలబడింది,
చీటీ కొంగున ముడేసుకుని.
"నేను మాఘంలోనే మానుకున్నా మస్తానమ్మా."
"ఎవరికి చెప్పినావు నాయనా?"

అంతే.
తర్వాత ఎన్ని తీర్పులు చదివానో.
ఆ ప్రశ్న కంటే ఎక్కువేమీ లేదు వాటిలో.

నాయన వాదించలేదు. కాటా అమ్మాడు.
మోపెడ్ అమ్మాడు. మిగిలింది
రైసుమిల్లులో గుమాస్తాగా కుదిరి
రెండేళ్లు నెలనెలా బస్సులో పోయి ఇచ్చొచ్చాడు.
చెల్లు చీటీ ఆయన అడగలేదు.
ఆమే వేలిముద్ర వేసి పంపేది.

మొదటి నెల ఇచ్చొచ్చిన రోజు
నిచ్చెన ఆనించి, మూతపడ్డ మండీ బోర్డు మీద
తన పేరుకి తానే సున్నం కొట్టాడు.
తొలివానకి సున్నం కారి
'పె' ఒక్కటి మళ్లీ బయటికొచ్చింది.

"మేడమ్, ఇది ఇంపార్టెంటా?"
వెనక బెంచీ నుంచి సుభాని.
ఐదు మార్కులకి వస్తుంది, అన్నాను.
పబ్లిక్ నోటీసు అన్న మాట కింద గీత గీసుకోండి.
రెండు గీతలు.