సలోమి కన్ను

గాంధీనగర్‌లో సెకండ్ షో వదిలాక
హాలు ముందు ఆటోలు కునుకు తీస్తున్నాయి.
కేబిన్‌లో ఇంకా చల్లారని దీపాలు రెండు,
లెన్సులు రెండు,
నడుమ వేలెడు సందు.

బొమ్మ మసకగా ఉందని
బాల్కనీ వాళ్ళు మూడు రోజులుగా కౌంటరు మీద పడుతున్నారు.
కొత్త దీపం కొందామంటాడు మేనేజరు కోటిలింగం.
కొనడు.

నాకొచ్చిన విద్య రెండు ముక్కలు.
అంచు పక్కన సన్నగా నలుపు పెంచడం.
కాటుక పెడితే కన్ను పెద్దదవుతుందా?
అవదు. అయినట్టుంటుంది.
బొమ్మా అంతే.
ఇక రెండోది: కుడి లెన్సుకి బూజు పట్టింది,
దాన్నొదిలేసి ఎడమదాన్ని ప్రాణం పెట్టి తుడవడం.
ఒక కంటికి తేటగా అందితే చాలు,
రెండో కంటి మసకని
మనసే గుటుక్కున మింగేస్తుంది.

అయినా ఆ రాత్రి తెర మీద
హీరో భుజం పక్కన ఇంకో భుజం,
ఉతికినా వదలని పులుసు మరక.
ఫిల్టరు మర వెంట్రుకవాసి తిప్పుతాను,
చిక్కబడిందో పలచబడిందో తెలియదు.
నా రెండు కళ్ళూ ఒకదానికొకటి సర్దిచెప్పుకుని
బానే ఉందిలే అంటాయి.

కింద బక్కెట్ల దగ్గర
ఆరొందల కళ్ళజోళ్ళు కడుగుతున్న సలోమి
ఒకదాన్ని దులిపి, తడితడిగానే పెట్టుకుంది.
"కుడిదాని నీడ పడతంది. తిప్పు.
ఇంకా.
అబ్బా, ఎక్కువైంది. ఎనక్కి."

చిన్నప్పుడు చిచ్చుబుడ్డి పేలి
ఆమె కుడి కన్ను
కొండపల్లి బొమ్మకి దిద్దిన కన్నులా నిలిచిపోయింది.
ఎడమ అద్దంలోంచి రావాల్సింది ఒక్క బొమ్మే.
రెండోది తొంగిచూసిందా, దొంగే.
సర్దిచెప్పే తోడు లేని కన్ను, పట్టేస్తుంది.
తర్వాత జోడు తలకిందులుగా తగిలించుకుని
రెండో అద్దం లెక్కా తేల్చింది.

రెండున్నరకి నీడ పోయింది.
సముద్రం సీను వేశాను.
చేప పొలుసు పొలుసూ లెక్కపెట్టొచ్చు.

"బయటికొచ్చిందా?" అడిగింది.
ఏడేళ్ళుగా ఇక్కడే పని. ఎన్నడూ అడగలేదు.
వచ్చింది, అన్నాను.
"ఎందాకా?"
మూడో వరస దాకా.

చేతులు చీరకి తుడుచుకుని వెళ్ళి
కుర్చీల మధ్య నిలబడింది.
"ఇక్కడా?"
కేబిన్ కంతలోంచి మెడ సాచాను.
కొంచెం ఎడమకి.
ఇంకా.
ఎక్కువైంది, వెనక్కి.
చెయ్యెత్తు.

ఆగు, అక్కడే.